వదిలిన చేప బతకాలంటే: విశాఖ సముద్రంలో నా అనుభవం

గాలానికి పడిన చేపను ప్రాణాలతో సముద్రానికి తిరిగి అప్పగించే పని ముందు రోజు రాత్రి ఇంట్లో కొక్కేలు సిద్ధం చేసుకునేటప్పుడే మొదలవుతుంది. చేతిలోంచి జారి, తోక విదిల్చి, లోతుకు వెళ్ళిపోయింది కదా, ఇక బతికినట్టేనని అనుకోవడానికి లేదు. పెనుగులాటలో రక్తంలో పేరుకున్న ఆమ్లం, చిరిగిన మొప్ప, ఒంటి మీద జిగురు ఊడిన చోట పట్టే పుండు, వీటిలో ఏదైనా సరే కొన్ని గంటలకో కొన్ని రోజులకో దాని ప్రాణం తీయగలదు. ఆ చావు మన కంటపడదు. అందుకే చేప మన దగ్గర ఉన్న ఆ కాసేపట్లో మనం ఏం చేస్తామన్నదే దాని బతుకును తేలుస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. కొన్నేళ్ళుగా యారాడ రాళ్ళ మీద నుంచి, భీమిలి దగ్గర గోస్తని నది సముద్రంలో కలిసే చోట, పెదజాలరిపేట నుంచి బయలుదేరే ఒక ఫైబర్ బోటులో గాలం వేస్తూ ఈ పనిని నేర్చుకున్న తీరును, ఇప్పుడు చేస్తున్న తీరును వివరంగా రాస్తున్నాను.

మన తీరంలో పట్టిన చేపను వదలడమంటే చాలామందికి వింతగానే ఉంటుంది. నన్ను సముద్రం మీదికి తీసుకువెళ్ళే సరంగు, నేను బాబాయ్ అని పిలిచే పెద్దమనిషి, మొదట్లో నా పని చూసి, "ఏటి బాబూ, ఇంత చేపని ఒగ్గేత్తారా?" అని నిజమైన బాధతోనే అడిగాడు. చేప అమ్మితేనే ఇల్లు గడిచే మనిషి అడిగిన ఆ ప్రశ్నకు గౌరవంగా జవాబు చెప్పడం నా బాధ్యత. పండుగప్ప మొదట మగచేపగా పెరిగి, పెద్దదయ్యాక ఆడచేపగా మారుతుందని, అందుచేత బాగా పెద్ద పండుగప్పలు దాదాపు అన్నీ గుడ్లు పెట్టే తల్లులేనని నేను అతనికి వివరించాను. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 58 సెంటీమీటర్ల కన్నా చిన్న పండుగప్పనే కాక, 120 సెంటీమీటర్లు దాటిన దాన్ని కూడా ఉంచుకోకూడదన్న నియమం పెట్టింది ఈ కారణం చేతనే. రాతి సందుల్లో ఉండే గ్రూపర్లది దీనికి తలకిందులు. అవి ఆడవిగా మొదలై, ముదిరాక మగవిగా మారతాయి, కాబట్టి పెద్దవాటినే ఏరి పట్టుకుపోతే ఆ రాళ్ళ దగ్గర మగచేపలే మిగలవు. బాబాయ్ చాలాసేపు ఆలోచించి, కూరకు పనికొచ్చే కానాగడతలు, మధ్యరకం పారలు తన బుట్టలోకి, పిల్లచేపలు, పెద్ద తల్లులు తిరిగి నీళ్ళలోకి వెళ్ళేట్టు ఒప్పుకున్నాడు. బోటు అద్దె వేరే ఇస్తాను. ఆ ఒప్పందం మీదనే మా ప్రయాణాలు ఇప్పటికీ సాగుతున్నాయి.

ఇక కొక్కేల సంగతి. కొక్కెం మొన పక్కన వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లు చేప జారిపోకుండా పట్టి ఉంచుతుంది కానీ, తీసేటప్పుడు కండను చీల్చేది కూడా అదే. నేను రాత్రి కూర్చుని ప్రతి కొక్కేనికీ ఆ ముల్లును పటకారుతో నొక్కి చదును చేస్తాను. చదును అయిందో లేదో తెలియడానికి పాత నూలు గుడ్డలో గుచ్చి వెనక్కి లాగి చూస్తాను, దారం తగులుకోకుండా వస్తే సరిపోయినట్టు. తంగూసు, అంటే గాలపు తాడు, వదులు కాకుండా చూసుకుంటే ముల్లు లేని కొక్కెం నుంచి చేపలు అంతగా తప్పించుకోవు. ఎర గుచ్చి వేసేటప్పుడు సర్కిల్ హుక్ అనే గుండ్రటి కొక్కేన్నే వాడతాను. దాని మొన లోపలికి, కాడ వైపు తిరిగి ఉంటుంది కాబట్టి చేప ఎరను మింగినా కొక్కెం కడుపులో గుచ్చుకోకుండా వెనక్కి జారి, ఎక్కువసార్లు నోటి మూలన పట్టుకుంటుంది. అయితే దీనికి చేతి అలవాటు మార్చుకోవాలి. మామూలు గాలానికి చేసినట్టు కర్రను ఒక్కసారిగా ఎగదన్నితే కొక్కెం నోట్లోంచి ఊడి వచ్చేస్తుంది. చేప ఎర తీసుకుని కదిలినప్పుడు రీలు తిప్పుతూ తాడును మెల్లగా బిగించాలి, అంతే. కృత్రిమ ఎరలకు తయారీదారులు బిగించే మూడు మొనల కొక్కేలను తీసేసి ఒంటి కొక్కెం వేసుకుంటాను, ఎందుకంటే ఒక మొన నోట్లో ఉండగా మిగతా రెండూ కంటినో మొప్పనో చీరడం చాలా సాధారణంగా జరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కొక్కేలు కూడా కొనను; చేప నోట్లో ఉండిపోవలసి వస్తే మామూలు ఇనుప కొక్కెం ఉప్పు నీటికి తుప్పు పట్టి కొంతకాలానికి విరిగిపోయే అవకాశం ఉంటుంది.

సన్నటి తంగూసుతో పెద్ద చేపను చాలాసేపు ఆడించి పట్టడం నేర్పరితనమని మెచ్చుకునేవాళ్ళు ఉన్నారు. చేపను వదలదలచుకున్నవారికి ఆ మెప్పు పనికిరాదని నా అభిప్రాయం. విశాఖ దగ్గర సముద్రపు పైనీరు ఏప్రిల్, మే నెలల్లో 28 నుంచి 30 డిగ్రీల దాకా ఉంటుంది. వెచ్చటి నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువు తక్కువ, ఆ వేడికి చేప ఒంటికి కావలసిన ప్రాణవాయువు ఎక్కువ. అలాంటి నీటిలో పెనుగులాట పొడిగితే చేప తేరుకోవడం కష్టమవుతుంది. అందుకే నేను ఆశించే చేపకు తగిన గట్టి తాడు, గట్టి కర్ర తీసుకువెళ్ళి, దాన్ని వీలైనంత త్వరగా బోటు పక్కకు తెస్తాను.

బోటు పక్కకు వచ్చిన చేపను ముట్టుకునే ముందు రెండు చేతులూ సముద్రపు నీటిలో ముంచుతాను. చేప ఒంటి మీది జిగురును మనం అసహ్యించుకుంటాం గానీ, దానికి అదే కవచం. సముద్రపు చేప ఒంట్లోని ఉప్పదనం చుట్టూ ఉన్న నీటి ఉప్పదనం కన్నా చాలా తక్కువ కావడం వల్ల, దాని ఒంట్లోని నీరు ఎల్లప్పుడూ బయటికి పోవాలని చూస్తుంది. చర్మం, పొలుసులు, వాటి మీది జిగురు కలిసి దాన్ని ఆపుతాయి. సూక్ష్మక్రిములను, పరాన్నజీవులను దరి చేరనివ్వనిదీ ఆ పొరే. పొడి చేత్తో పట్టుకుంటే, పొడి గుడ్డతో చుట్టితే, పొడి ఇసుక మీద దొర్లిస్తే ఆ పొర మన చేతికో గుడ్డకో ఇసుకకో అంటుకుని పోతుంది. చేతులకు ఇంజను డీజిలు, ఎండ తగలకుండా రాసుకునే క్రీము వంటివి లేకుండా ముందే కడుక్కోవడం కూడా అవసరం. ముడులున్న నైలాను చేతివల పొలుసులను ఊడగొట్టి రెక్కల అంచులను చీలుస్తుంది కాబట్టి, కాస్త ఖరీదైనా రబ్బరు పూత ఉన్న ముడుల్లేని వల కొన్నాను. ఎండవేళ ఫైబర్ బోటు అడుగు మన పాదాలే ఆనలేనంత కాలుతుంది. చేపను తప్పనిసరిగా పైకి తీయవలసి వస్తుందనుకున్న రోజున ఒక ఫోమ్ పరుపు ముక్కను సముద్రపు నీటితో తడిపి నీడలో ఉంచుతాను, కళ్ళ మీద కప్పడానికి మెత్తటి తడి గుడ్డ దగ్గర పెట్టుకుంటాను. కళ్ళు కప్పిన చేప చాలా వరకు నెమ్మదిస్తుంది.

అయితే ఎక్కువ చేపలకు ఇవేవీ అక్కర రావు, ఎందుకంటే వాటిని నీటిలోంచి అసలు బయటికి తీయను. బోటు అంచున వంగి, ఎడమ చేత్తో తంగూసు పట్టుకుని, కుడి చేత్తో పొడుగు ముక్కు పటకారును కొక్కెం వంపు దగ్గర పట్టించి, అది గుచ్చుకున్న దారినే వెనక్కి తిప్పితే ముల్లు లేని కొక్కెం ఒక్క క్షణంలో వచ్చేస్తుంది. చేప మొప్పలలోని పలుచని రేకులు నీటిలో విడివిడిగా తేలుతూ ఉంటేనే ఊపిరి ఆడుతుంది. గాలిలోకి రాగానే అవి ఒకదాని మీద ఒకటి అతుక్కుపోతాయి. కెనడాలో రెయిన్‌బో ట్రౌట్ చేపల మీద చేసి 1992లో ప్రచురించిన ఒక ప్రయోగం నా మనసులో బాగా నాటుకుంది. బాగా అలసిపోయేలా ఈదించి వదిలిన చేపల్లో 12 శాతం చనిపోగా, అలా అలసిన తరువాత 30 సెకన్లు గాలిలో ఉంచినవాటిలో 38 శాతం, 60 సెకన్లు ఉంచినవాటిలో 72 శాతం చనిపోయాయి. అది చల్లటి మంచినీటి చేప, మన పారకో పండుగప్పకో ఆ అంకెలనే అంటగట్టకూడదు. అయినా అర నిమిషానికీ నిమిషానికీ మధ్య అంత తేడా ఉంటుందని చూశాక, చేప పైకి వచ్చిన క్షణం నుంచి నేను ఊపిరి బిగబడతాను. నాకు ఊపిరి ఆడాలనిపించేసరికి అది నీటిలో ఉండాలి. ఫోటో కావాలంటే ముందే ఫోను సిద్ధం చేసి బాబాయ్ చేతికి ఇస్తాను, చేప నీటిలో ఉండగానే తీస్తాడు.

కొక్కెం గొంతులోకో కడుపులోకో దిగిపోయినప్పుడు దాన్ని బయటికి లాగాలన్న కోరికను అణచుకోవాలి. లాగితే గుండె, కాలేయం ఉన్న చోట్లే చిరుగుతాయి. కటింగ్ ప్లయరుతో తాడును నోటి దగ్గర, వీలైనంత లోపలికి కోసి వదిలేస్తే, ఆ కొక్కేన్ని మోస్తూనే బతికే అవకాశం చేపకు ఎక్కువ.

భీమిలిలో ఒక సాయంత్రం పోటు మీద పడిన పండుగప్ప గురించి కాస్త వివరంగా చెప్పాలి. గోస్తని ముఖం దగ్గర నడుము లోతు నీటిలో నిలబడి ఉన్నాను. నా మోచేతి నుంచి వేళ్ళ దాకా ఉన్న పొడవుకు దాదాపు రెట్టింపు చేప, కచ్చితంగా తల్లి. పండుగప్పను చాలామంది కింది దవడ పట్టుకుని నిలువుగా వేలాడదీస్తారు. అంత బరువు ఒక్క దవడ మీద పడితే అక్కడి కీళ్ళు, వెన్నుపూసలు దెబ్బతింటాయి. దాని మొప్ప మూత అంచు కత్తిలా కోస్తుంది కనుక అక్కడ చెయ్యి పెట్టడం మనకూ మంచిది కాదు. నేను దవడను ఎడమచేతి బొటనవేలితో ఊరికే ఆసరాగా పట్టుకుని, కుడి అరచేతిని పొట్ట కింద చాచి, ఒళ్ళంతా నీటిలో అడ్డంగా ఉండేట్టు పట్టుకున్నాను. కొక్కెం నోటి మూలన పలుచని పొరలో ఉంది, వెంటనే వచ్చింది. చేప మాత్రం పక్కకు ఒరిగిపోతోంది. ఇలాంటప్పుడు చేపను ముందుకూ వెనక్కీ తోస్తూ ఉండేవాళ్ళను చూశాను. వెనక్కి లాగినప్పుడు నీరు మొప్పల్లోకి తప్పు వైపు నుంచి వెళ్ళి మేలుకు బదులు కీడు చేస్తుంది. నేను దాని తలను పోటు నీరు వచ్చే వైపుకు తిప్పి కదలకుండా నిలబడ్డాను. మొదట మొప్ప మూతలు వేగంగా, తడబడుతూ కొట్టుకున్నాయి, తరువాత నెమ్మదిగా, లోతుగా, ఒక లయలో పడ్డాయి. ఎరుపు దీపంలా మెరిసే దాని కన్ను అంతవరకూ ఒకే వైపు చూస్తూ ఉండి, నేను కొంచెం కదిలితే నన్ను వెంబడించడం మొదలుపెట్టింది. కన్ను అలా తిరిగితే చేప తేరుకుంటున్నట్టు లెక్క. తోక మొదట్లో నా వేళ్ళకు ఒక బిగువు తగిలింది. నేను వదల్లేదు, చేతి పట్టు మాత్రం తీసేశాను. అదే ఒక్కసారి తోక కొట్టి, తన బలంతో తాను లోతుకు వెళ్ళింది.

కోనాం, సూర వంటి వేగంగా ఈదే చేపలకు ఈ పద్ధతి పనికిరాదు. అవి నోరు తెరుచుకుని ఈదుతూ ఉంటేనే మొప్పల గుండా నీరు పారుతుంది. పట్టుకుని నిలబెడితే వాటికి ఊపిరి ఆడదు. వాటిని బోటు పక్కనే నీటిలో విడిపించడం ఉత్తమం, ఒకవేళ పైకి తీయవలసి వస్తే వెంటనే తల కిందుగా నీటిలోకి గట్టిగా సంధించాలి. ఆ వేగమే వాటి మొప్పల్లోకి మొదటి ఊపిరిని తోస్తుంది.

ముళ్ళున్న చేపల విషయంలో బాబాయే నా గురువు. "జెల్లకి ముళ్ళు మూడు బాబూ, పక్కకొకటి, ఈపు మీదొకటి, మూడూ ఇసమే" అని మొదటి రోజే చెప్పాడు. జెల్లను చేత్తో పట్టకుండా, ఎత్తకుండా, నీటి మీదనే పొడవాటి కొక్కెం తీసే కడ్డీతో కొక్కెం వంపును పట్టి, తంగూసును కిందికి లాగి తలకిందులు చేస్తే అదే తన బరువుకు జారి పడిపోతుంది. టేకు అనే చదునైన చేప పడితే తోక పట్టుకుని ఎత్తకూడదు, కళ్ళ వెనక ఉండే రంధ్రాల్లో వేళ్ళు పెట్టకూడదు. అది ఆ రంధ్రాల గుండానే నీరు పీల్చుకుంటుంది, తోక మొదట్లోని ముల్లు మనిషి కాలిని చీల్చగలదు. టేకుకు, పెద్ద సొరకు, పొరపాటున తగులుకున్న సముద్రపు పాముకు నేను చేసేది ఒక్కటే, వీలైనంత దగ్గరగా తాడు కోసేయడం. ఒళ్ళు ఉబ్బించుకునే పఫర్ చేపను నీటిలోనే ఉంచి విడిపించాలి, గాలి మింగి ఉబ్బితే దాన్ని బయటికి వదలలేక అది నీటి మీద తేలిపోతుంది. జెల్ల ముల్లు గుచ్చుకుంటే కాలిపోకుండా భరించగలిగిన వేడి నీటిలో, సుమారు 45 డిగ్రీలకు మించకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా చెయ్యి ముంచి ఉంచితే నొప్పి బాగా తగ్గుతుంది. అందుకోసం ఒక ఫ్లాస్కు నిండా వేడి నీళ్ళు ఎప్పుడూ బోటులో ఉంటాయి. ముల్లు విరిగి లోపల ఉండిపోయిందనుకుంటే ఆసుపత్రికి వెళ్ళక తప్పదు.

అన్నిటికన్నా కష్టమైనది లోతు నీటి చేపను వదలడం. 30 మీటర్లు దాటిన లోతులో రాతి నేల మీద గ్రూపర్లు, స్నాపర్లు ఉంటాయి. అక్కడ నీటి ఒత్తిడి పైన ఉన్నదానికి నాలుగు రెట్లు. కాబట్టి చేపను పైకి తెచ్చేసరికి దాన్ని నీటిలో తేలేట్టు చేసే గాలితిత్తి అనే లోపలి సంచిలో ఉన్న వాయువు నాలుగు రెట్లు వ్యాపించబోతుంది. కళ్ళు పొడుచుకు వస్తాయి, పొట్ట బిగుసుకుంటుంది, నోట్లోంచి గులాబీ రంగు సంచి ఒకటి బయటికి వస్తుంది. అది గాలితిత్తి అనుకుని సూదితో పొడిచేవాళ్ళను హార్బరులో చూశాను. అది లోపలి ఒత్తిడికి తిరగబడి బయటికి వచ్చిన చేప కడుపు. పొడిస్తే కొత్త గాయం తప్ప లాభం లేదు. అలాంటి చేపను పైన వదిలితే కిందికి దిగలేక వెల్లకిలా తేలుతుంది, హార్బరు మీద తిరిగే గరుడ గద్దలకు అంతకన్నా సులువైన ఆహారం ఉండదు.

దీనికి మందు, చేపను మళ్ళీ ఆ ఒత్తిడిలోకి దింపడమే. ముల్లు చదును చేసిన ఒక పెద్ద కొక్కేన్ని తలకిందులు చేసి, దాని వంపుకు గట్టి తాడు, కాడ చివర సీసం బరువు కట్టాలి. ఆ కొక్కేన్ని చేప కింది దవడ పొరలో, మొదటి కొక్కెం చేసిన రంధ్రంలోనే గుచ్చి నీటిలోకి వదిలితే బరువు చేపను తలకిందుగా లాక్కుపోతుంది. అడుగుకు చేరాక తాడును ఒక్క కుదుపు కుదిపితే కొక్కెం ఊడి పైకి వస్తుంది. చేప తేలే బలాన్ని దాటేంత బరువు ఉండాలి, లేకపోతే సగం దారిలో ఆగిపోతుంది. బాబాయ్ వలల పాత సీసం గుండ్లను కరిగించి నాకు ఆ బరువు పోతపోసి ఇచ్చాడు. మొదటిసారి దాంతో ఒక గ్రూపరును దించినప్పుడు, తాడు తన వేళ్ళ మధ్య జారుతుండగా కిందికి చెయ్యి చాచి అతనే లోతు లెక్కపెట్టాడు. కుదిపాక తాడు తేలికగా రావడం చూసి, "దిగిపోనాది బాబూ" అన్నాడు. ఒకేసారి రెండు మూడు చేపలు పడే చోటయితే, ప్లాస్టిక్ చేపల క్రేటును బోర్లించి అంచులకు బరువులు కట్టి, చేపలను దాని కిందకు చేర్చి తాడుతో దింపవచ్చు. కోనాంకు గాలితిత్తి ఉండదు, సొరకూ ఉండదు. వాటికి ఈ బాధ లేదు. ఇంత చేసినా లోతు చేపలన్నీ బతుకుతాయని నేను నమ్మను. అందుకే కూరకు సరిపడా చేపలు పడగానే మేము ఆ లోతు రాళ్ళ దగ్గర గాలం వేయడం ఆపేసి లోతు తక్కువ చోటికి వచ్చేస్తాం.

మొప్పల్లోంచి ధారగా రక్తం కారుతున్న చేపను, ఉంచుకోకూడనిది కానంత వరకు, వదలను. మన మనసు కుదుటపడటం కోసం చచ్చే చేపను నీళ్ళలో వేయడం కన్నా, తలమీద ఒక్క గట్టి దెబ్బతో వెంటనే చంపి ఇంటికి తీసుకువెళ్ళి వండుకోవడమే సరైన పని. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్న ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు, వేల్ షార్కులు, సముద్రపు గుర్రాలు వంటివి మాత్రం ఏ స్థితిలోనూ ఉంచుకోకూడనివి. శీతాకాలం చివర తాబేళ్ళు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే రోజుల్లో వాటి తలలు నీటి మీద కనబడితే మేము గాలాలు తీసేసి వేరే చోటికి వెళ్తాం.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట విరామంలో బోట్లు కదలవు కాబట్టి ఒడ్డు నుంచి మాత్రమే గాలం వేస్తాను, అవి చాలా చేపలు గుడ్లు పెట్టే రోజులు కనుక అప్పుడు పడినవన్నీ వదిలేస్తాను. యారాడ రాళ్ళ మీద దానికొక చిక్కు ఉంది. నిలబడే చోటు నీటికి చాలా ఎత్తు, అల వచ్చినప్పుడు కిందికి దిగడం ప్రాణాంతకం. చేపను తాడు మీద వేలాడదీసి పైకి లాగితే దవడ చిరుగుతుంది, రాళ్ళకు కొట్టుకుని పొలుసులు ఊడతాయి. పై నుంచి విసిరేస్తే నీటిని తాకే దెబ్బకే తల తిరిగిపోతుంది. అక్కడ నేను గుండ్రటి ఇనుప చట్రానికి రబ్బరు వల బిగించి, మూడు తాళ్ళతో కిందికి దించి, చేపను దానిలోకి నడిపించి పైకి తెస్తాను, వదిలేటప్పుడు కూడా ఆ వలలోనే నీటి దాకా దించి, వలను ఒక పక్కకు వంచుతాను. దీనికి ఇద్దరు మనుషులు కావాలి. తోడు దొరకని రోజున యారాడ వెళ్ళను, భీమిలిలో నీటిలోకి దిగి నిలబడగలిగిన చోటికే వెళ్తాను.